ఏడో నంబరు ఇంటి వెనక గోడ

4వ తేదీ, బుధవారం

ఈ పుస్తకానికి ముందు వైపు కొలతలు, వెనక వైపు నా గోల. వరద వచ్చి రెండేళ్ళయింది, అప్పట్నుంచి వెనక వైపు ఒక్క ముక్క రాయలేదు. ఇవాళ రాయకపోతే ఎవరితోనో ఒకరితో పోట్లాట పెట్టుకునేలా ఉన్నాను.

సాయంత్రం అధ్యక్షుడి వార్షిక ప్రసంగం. బడి హాల్లో టీవీ పెట్టి, క్లాసు గదుల్లో తలదాచుకుంటున్న వరద కుటుంబాలన్నీ వచ్చి వినాలన్నారు. నలభై కుటుంబాలం. చిన్నపిల్లల బెంచీల మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాం. అత్త మాత్రం కుర్చీ ఇస్తే తప్ప రానంది. తుంటి నొప్పి ఉన్నమాట నిజమే, కానీ ఆ నొప్పితో ఆవిడ చాలా పనులు చేయించుకుంటుంది. హెడ్మాస్టరు తన కుర్చీ తెచ్చి వేశారు.

మొదటి అరగంట నేను టీవీలో అధ్యక్షుడి కోటే చూశాను. మంచి బట్ట. ఎడమ భుజం అర అంగుళం దిగి ఉంది, లోపల ప్యాడ్ పెట్టి సరిచేశారు. అత్త నా చెవిలో, "కాలరు దగ్గర లాగుతోంది చూశావా. మెడ కొలత తియ్యడానికి భయపడి ఉంటాడు, పాపం ఎవడో" అంది. ఇద్దరం నవ్వాపుకోలేక చస్తున్నాం.

అప్పుడన్నాడు. మెరక మీద కొత్త కాలనీలో ఇళ్ళు అందించడం మొదలైందట. మొదటి తాళంచెవి ఒక దర్జీ సోదరి అందుకుందట. "నది ఆమె ఇంటిని తీసుకుంది. దేశం తిరిగి ఇచ్చింది. నేడు ఆ సోదరి తన సొంత కిటికీలకు తానే తెరలు కుట్టుకుంటోంది."

ఆయన వెనక పెద్ద ఫొటో వేశారు. ఫొటోలో ఉన్నది నేను.

టీవీలో చప్పట్లు. మా హాల్లో బెంచీలన్నీ కిర్రుమన్నాయి, అందరూ నా వైపు తిరిగారు.

నాకు ఎవరూ ఇల్లు ఇవ్వలేదు. ఈ ముక్క ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. ఎందుకంటే ఆ కాస్తసేపు నాకే అనుమానం వచ్చింది.

5వ తేదీ, గురువారం

ఫొటో సంగతి. రెండు నెలల కిందట పునరావాసం సారు పిలిచి, మెరక మీద ఏడో నంబరు ఇంటి కిటికీలకు తెరలు కుట్టాలన్నాడు. నలభై ఇళ్ళలో కట్టింది అదొక్కటే. ఒకటో నంబరు కాకుండా ఏడు ఎందుకు కట్టారంటే అది రోడ్డు మలుపులో బాగా కనిపిస్తుందట. వెళ్ళి కిటికీలు కొలిచాను. తర్వాత తెరలు తగిలిస్తుంటే ఎవరో కెమెరా అబ్బాయి ఫొటో తీశాడు. నవ్వుతున్నానని అందరూ అంటున్నారు. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకున్నాను. అలా పెట్టుకుంటే ఎవరైనా నవ్వుతున్నట్టే ఉంటారు.

నేను అప్పుడే చూశాను, ఆ ఇంటికి వెనక గోడ లేదని. నీలం టార్పాలిన్ పట్టా కట్టి ఉంది. ఇంకా కడుతున్నారు కాబోలు అనుకున్నాను.

రేడియోలో ప్రసంగం మళ్ళీ మళ్ళీ వేస్తున్నారు. హెడ్మాస్టరు గదిలో రేడియో, మా గది పక్కనే. చెవులు మూసుకుని కుట్టలేను కదా. ఇప్పటికి నాలుగుసార్లు విన్నాను.

"ఎవరినీ వెనక వదల్లేదు" అన్నాడు. మా గది బడికి వెనక వైపే ఉంది.

"ప్రతి కన్నీటి బొట్టుకూ లెక్క ఉంది" అన్నాడు. ఎవరు లెక్కపెట్టారో. నేనయితే ఏడవలేదు, కుట్టు మెషిను బురద కడుక్కోవడంతోనే సరిపోయింది.

"నేటి నుంచి నది మనకు మిత్రుడు" అన్నాడు. దీనికి ఏం రాయాలో తెలియలేదు. అత్తని అడిగితే, "మిత్రుడైతే కబురు పెట్టకుండా ఇంట్లోకి రావచ్చుగా" అంది.

6వ తేదీ, శుక్రవారం

బడి గోడకి జాబితా అంటించారు. "ఇళ్ళు పొందినవారు. వీరు 20వ తేదీలోగా బడి గదులు ఖాళీ చేయవలెను." కింద వరస సంఖ్య ఒకటి. నేను. రెండో సంఖ్య లేదు. ఇంత పెద్ద కాగితం మీద ఒక్క వరస.

మా చోటు: నాలుగో గది, మూడో తెర. గదిని దుప్పట్లతో నాలుగు ముక్కలు చేసి నలుగురికిచ్చారు. మాది కిటికీ ఉన్న ముక్క. తొమ్మిదడుగులు ఇటు, ఏడడుగులు అటు. మెషిను, అత్త మంచం, నేను. ఇది పోతే ఎక్కడికి వెళ్ళాలో నాకు తెలియదు. భయం వేస్తోంది.

8వ తేదీ, ఆదివారం

కొళాయి దగ్గర అందరూ "సోదరిగారు ముందు పట్టుకోనివ్వండి" అంటున్నారు. మర్యాదో వెటకారమో తెలియడం లేదు.

9వ తేదీ, సోమవారం

ఆఫీసుకి వెళ్ళాను. పునరావాసం సారు చెడ్డవాడు కాదు. కళ్ళద్దాలు ముక్కు చివరికి జారుతుంటాయి, జారినప్పుడల్లా మాట ఆపేస్తాడు. అందుకని ఏ మాటా పూర్తి కాదు.

"సార్, నాకు ఇల్లెక్కడిది?"

"అదేంటమ్మా. మీరే సంతకం పెట్టారు."

రిజిస్టరు తీసి చూపించాడు. నా సంతకమే. ఏడో నంబరు, తాళంచెవి ముట్టినది, తేదీ, సంతకం. కిటికీలు కొలవడానికి తాళంచెవి అడిగిన రోజు అది. అటెండరు ఇక్కడ సంతకం పెట్టమ్మా అంటే పెట్టాను.

"సాయంత్రమే తిరిగి ఇచ్చేశాను కదా సార్. మీ అటెండరు చేతికే ఇచ్చాను."

ఆయన పేజీ అంతా వేలితో తడిమాడు. "తిరిగి ఇచ్చినట్టు రాయడానికి ఇందులో చోటే లేదమ్మా. ఇళ్ళు తీసుకున్నవాళ్ళు తాళంచెవులు తిరిగి ఎందుకిస్తారని..." కళ్ళద్దాలు జారాయి.

ముప్పై ఏళ్ళ నుంచి కొలతలు రాసుకుంటున్నాను, చదవకుండా ఒక్క అంకె వేసింది లేదు. ఆ ఒక్క రోజు చదవలేదు. టేపు ఎక్కడ పెట్టానా అని వెతుక్కుంటూ సంతకం పెట్టాను.

ఇల్లు లేదని రాసిస్తానన్నాను. ఇవ్వొచ్చన్నాడు. ఆ కాగితం పైకి పంపాలట. పైవాళ్ళు, అయితే అధ్యక్షులవారు అబద్ధం చెప్పారా అని అడుగుతారట. అలా అన్నదెవరు అంటే నా పేరు చెప్పాలట. "మీ ఇష్టం" అన్నాడు. ఆ మాట మాత్రం పూర్తిగా అన్నాడు.

10వ తేదీ, మంగళవారం

అర్జీ రాద్దామని కూర్చున్నాను.

అయ్యా, నాకు ఇల్లు లేదు.

అయ్యా, మీ ప్రసంగంలో చిన్న పొరపాటు.

అయ్యా, మీ కోటు ఎడమ భుజం అర అంగుళం దిగింది. అది తప్పు కాదు, అందరికీ ఒక భుజం దిగే ఉంటుంది. మంచి దర్జీ దాన్ని కప్పిపుచ్చుతాడు. మీరు నన్ను కూడా ప్యాడ్ లాగే లోపల పెట్టి కుట్టేశారు. నాకు ఊపిరాడడం లేదు.

మూడూ కొట్టేశాను. మూడోది కొట్టెయ్యడానికి మనసొప్పలేదు, అందుకే ఒక్క గీతే గీశాను.

12వ తేదీ, గురువారం

పునరావాసం సారు తనే వచ్చాడు, మూడో తెర లోపలికి. కూర్చోవడానికి అత్త మంచం తప్ప చోటు లేదు. అత్త పక్కన ఒదిగి కూర్చున్నాడు.

ఆయన చెప్పింది ఇది. మేం వెళ్ళి ఏడో నంబరులో ఉండొచ్చు. కాగితం ప్రకారం మాదే. పైనుంచి వీడియో తీయడానికి వస్తున్నారు, ప్రసంగంలో చెప్పిన మనుషులు దేశానికి కృతజ్ఞత చెప్పే కార్యక్రమమట. నేను నాలుగు మాటలు చెబితే చాలు. వెనక గోడ తర్వాత కడతారు.

"తర్వాతంటే ఎప్పుడు సార్?"

కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు.

ఇంతలో అత్త చెయ్యి ఆయన చొక్కా కఫ్ దగ్గరికి వెళ్ళింది. దారం ఒకటి వేలాడుతోంది. వేలాడే దారం కనిపిస్తే అత్త చెయ్యి ఊరుకోదు, పెళ్ళయి వచ్చిన రోజు నుంచి చూస్తున్నాను. ఎవరిదైనా సరే లాగేస్తుంది. బస్సులో ముక్కూ మొహం తెలియని ఆయన కోటు అంచు అలాగే ఊడదీసింది ఒకసారి. ఇవాళా లాగింది. గుండీ ఊడి మంచం కిందికి దొర్లింది.

"ముడి వెయ్యలేదు నాయనా. మా తప్పు కాదు" అంది.

గుండీ వెతికి కుట్టిచ్చాను. కుట్టినంతసేపూ ఆయన చెయ్యి నా చేతిలోనే ఉంది. చల్లగా ఉంది. ఈయనకీ భయమే అనిపించింది.

14వ తేదీ, శనివారం

ఇస్త్రీ తమ్ముడు మాట్లాడాడు. పక్క తెర వాళ్ళది. భార్య, ఇద్దరు ఆడపిల్లలు. వరద రోజున నా మెషిను తన తల మీద పెట్టుకుని, మెడ లోతు నీళ్ళలో దాటించాడు. తన ఇస్త్రీ పెట్టె మాత్రం పోయింది. ఈ సంగతి తను ఎప్పుడూ ఎత్తడు. ఎత్తితే నాకు కొంచెం తేలికగా ఉండేది.

"అక్కా, వీడియోలో నువ్వు ఇల్లు బాగుందంటే కాలనీ అయిపోయినట్టు రాసుకుంటారంట. అటెండరు చెప్పాడు. ఫైలు మూసేస్తారు. ఇంక మా ముప్పై తొమ్మిది ఇళ్ళ గురించి అడిగేవాడుండడు."

"నేను అననులే తమ్ముడూ."

"నిన్ను అనొద్దని చెప్పడం లేదక్కా. పెద్దమ్మ తుంటి సంగతి నాకు తెలుసు. ఊరికే, ఇలా జరుగుద్దని చెప్తున్నా."

అలా చెప్పి తెర పక్కకి జరిపి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

17వ తేదీ, మంగళవారం

అననని అతనికి మాటేమీ ఇవ్వలేదు. చూద్దాంలే అన్నట్టు అన్నాను.

18వ తేదీ, బుధవారం

పైన నేను రాసింది చదువుకున్నాను. "అననులే" అన్నానని నా రాతలోనే ఉంది. సిగ్గేసింది.

20వ తేదీ, శుక్రవారం

ఖాళీ చేశాం. అటెండరు ఏడో నంబరు తాళంచెవి మళ్ళీ తెచ్చిచ్చాడు, ఈసారి సంతకం అడగలేదు. మంచం, మెషిను, మూడు సంచులు. ఇస్త్రీ తమ్ముడు వచ్చి మెషిను మళ్ళీ తలకెత్తుకున్నాడు, ఈసారి ఎండిన దారిలో. మెరక మీద దింపేసి, ఇంటి వెనక్కి వెళ్ళి చూసి వచ్చి, "పెద్దమ్మకి దుప్పటి ఎక్కువ కప్పు" అన్నాడు.

ముందు నుంచి చూస్తే చక్కటి ఇల్లు. లేత పసుపు గోడలు, ఆకుపచ్చ తలుపు, నా తెరలు. లోపలికి వెళితే ఒకటే గది. వెనక నీలం పట్టా. పట్టా ఎత్తితే పొలం, పొలంలో వరసగా పాతిన కర్రలు, ఒక్కో కర్రకి నంబరు రాసిన రేకుముక్క. ముప్పై తొమ్మిది. కొళాయి బిగించారు, దానికి గొట్టం లేదు. నీళ్ళకి మళ్ళీ బడికే వెళ్ళాలి.

అత్త గది మధ్యలో మంచం మీద కూర్చుని అటూ ఇటూ చూసింది. "ఇది ఇల్లు కాదే. ఇంటి చొక్కా. వీపు కుట్టడం మరిచిపోయారు" అంది.

22వ తేదీ, ఆదివారం

అత్తకి దగ్గు. గాలి పట్టా కిందనుంచి వస్తుంది, మంచం కిందనుంచి పోతుంది. రెండు బండరాళ్ళు తెచ్చి పట్టా అంచు మీద పెట్టాను. రాళ్ళు కూడా కదులుతున్నాయి.

రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు ఆగి చూస్తున్నారు. ఒకావిడ చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. తర్వాత నా చెయ్యి మీద నాకే కోపం వచ్చింది.

23వ తేదీ, సోమవారం

పునరావాసం సారు వచ్చాడు, వెంట వీడియో వాళ్ళు పంపిన కాగితాల అమ్మాయి. ఆ అమ్మాయి పట్టా చూసి, ఇది కెమెరాలో బాగుండదంది. గోడ రంగు బట్ట తెప్పిస్తారట. గోడలా కనిపించేలా ఒక తెర కుట్టాలట. ఎల్లుండికి.

"ఎవరు కుట్టాలి?" అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు.

నవ్వొచ్చింది నాకు. ఒళ్ళు మండినప్పుడు నాకు ముందు నవ్వే వస్తుంది. అత్త నవ్వలేదు. "వెడల్పెంత?" అని అడిగింది, ఏదో గిరాకీ వచ్చినట్టు.

కొలిచాను. వెడల్పు పన్నెండడుగులు, ఎత్తు తొమ్మిదిన్నర. బట్ట వెడల్పు చాలదు, మూడు ముక్కలు కలపాలి. అంటే నిలువుగా రెండు కుట్లు. ఇది పుస్తకం ముందు వైపు రాయాల్సింది. పొరపాటున ఇక్కడ రాశాను.

చెప్పాల్సిన మాటల కాగితం ఇచ్చి వెళ్ళారు. "నమస్కారం. నేను దర్జీని. ఇది నా ఇల్లు. నాలుగు గోడల భద్రత ఏమిటో ఇప్పుడు తెలిసింది. మా కాలనీలో అందరి తరఫున కృతజ్ఞతలు." ఇంకా ఉంది. అందరి తరఫున అన్న చోట కళ్ళు ఆగిపోతున్నాయి.

చెప్పకపోతే? ఇల్లూ ఉండదు, బడీ ఉండదు. అత్తని ఎక్కడ పడుకోబెట్టను? చెబుతాను. చెప్పక ఏం చేస్తాను? ఇంత చిన్న కాగితం.

24వ తేదీ, మంగళవారం

బట్ట మధ్యాహ్నానికి గానీ రాలేదు. టైం లేదు. అందుకే ఆ రెండు నిలువు కుట్లూ కచ్చా కుట్టు వేశాను. మెషిను మీద కాదు, చేత్తో, వేలెడంత పొడుగు టాకాలు. ట్రయల్‌కి బట్ట నిలబెట్టడానికి వేసే కుట్టు, దారం కొస పట్టుకుని లాగితే మొత్తం ఊడొస్తుంది. ఎవరూ లాగకపోతే నెలల తరబడి ఉంటుంది. ఒక్క పూటకి అది చాలు.

ముప్పై ఏళ్ళలో కచ్చా కుట్టుతో బట్ట ఎవరికీ ఇవ్వలేదు. కానీ టైం లేదు మరి.

పట్టా తీసేసి, దాని చోట తగిలించి చూశాం. అచ్చం గోడే. ఒక కుట్టు దగ్గర అత్త, వీడియోకని ఆఫీసు వాళ్ళు పంపిన కుర్చీ వేయించింది, అక్కడ గాలి తక్కువట.

దారం కొస ముడి వేయడం మరిచిపోయినట్టున్నాను. పొద్దున చూసుకోవాలి.

25వ తేదీ, బుధవారం

పొద్దున చూసుకోలేదు. హడావిడి.

పదింటికి వచ్చారు. కెమెరా ఆయన, కాగితాల అమ్మాయి, పునరావాసం సారు కొత్త చొక్కాలో. బయట తాడు కట్టి, బడి నుంచి మా వాళ్ళందరినీ తెచ్చి దాని అవతల నిలబెట్టారు, చప్పట్లు కొట్టడానికి. తలుపు తీసే ఉంచారు, వాళ్ళు కూడా కనపడాలని. నాకు ఇస్త్రీ తమ్ముడి మొహం ఎదురుగా ఉంది. పిల్లల్ని చెరో పక్కన పట్టుకున్నాడు.

నన్ను ముందు కిటికీ దగ్గర నిలబెట్టి, తర్వాత అత్త పక్కకి రమ్మన్నారు. కిటికీ దగ్గర, "నమస్కారం. నేను దర్జీని. ఇది నా ఇల్లు" అన్నాను. బాగా వచ్చిందన్నారు. ఆ మాటలు నా నోట్లోంచే వచ్చాయి. ఎవరూ పీక పట్టుకోలేదు.

అత్త పక్కకి వెళ్ళాను. "నాలుగు గోడల..." అని మొదలుపెట్టాను. అక్కడ ఆగిపోయాను. కాగితాల అమ్మాయి, "ఫరవాలేదు, మళ్ళీ చెప్పండి" అంది. మళ్ళీ "నాలుగు..." అన్నాను. అత్త నా వైపు చూసింది. తర్వాత తల తిప్పి తన భుజం పక్కన, సరిగ్గా చేతికందే ఎత్తులో వేలాడుతున్న దారం చూసింది.

లాగింది.

తొందరేం లేదు ఆవిడకి. గుప్పిట్లో చుట్టుకుంటూ చుట్టుకుంటూ లాగింది. తొమ్మిదిన్నర అడుగుల కుట్టు పైనుంచి కింది దాకా విడిపోయింది. గాలి వచ్చి రెండు రెక్కల్నీ పక్కలకి తోసింది. అవతల పొలం, ఎండ, ముప్పై తొమ్మిది కర్రలు.

కెమెరా ఆయన కెమెరా ఆపడం కూడా మరిచిపోయాడు. తాడు అవతల ఎవరో ఒకళ్ళు చప్పట్లు కొట్టారు, అందుకే కదా వాళ్ళని పిలిచింది. ఆ తర్వాత అందరూ కొట్టారు. ఇస్త్రీ తమ్ముడు కొట్టలేదు. చేతులు ఖాళీ లేవు, పిల్లల్ని ఎత్తుకున్నాడు, కర్రలు కనపడాలని.

పునరావాసం సారు కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

వాళ్ళంతా వెళ్ళాక అత్త ఆ దారం ఉండ నా చేతిలో పెట్టింది. "ముడి వెయ్యడం మరిచిపోయావే."

"అవునత్తయ్యా."

"నీకు పని నేర్పింది నేను. ఇన్నేళ్ళలో ఒక్కసారి మరిచిపోలేదు నువ్వు."

"టైం లేదత్తయ్యా."

"ఊఁ" అంది. చాలాసేపు నా చెయ్యి వదల్లేదు.

26వ తేదీ, గురువారం

చీటీ వచ్చింది. ఏడో నంబరు రేపటికి ఖాళీ చేయాలి. బడిలో మాకు చోటు లేదు, ఎందుకంటే ఇల్లు పొందినవాళ్ళ జాబితాలో ఉన్నాం. ఇల్లు ఉంది కాబట్టి అక్కడ ఉండకూడదు, ఇక్కడి నుంచి పొమ్మన్నారు కాబట్టి ఇక్కడా ఉండకూడదు. రెండు వాక్యాలూ ఒకే కాగితం మీద రాశారు. చదివినవాడికి నవ్వు రాలేదా?

అత్తకి జ్వరం తగిలింది. నిన్నటి ధైర్యం ఇవాళ లేదు. ఒక్క ముడి వేసి ఉంటే ఈపాటికి పట్టా అయినా ఉండేది అనిపిస్తోంది. అబద్ధం రాసుకోవడం ఎందుకు, మరిచిపోలేదు నేను. ముడి వెయ్యకుండా వదిలేశాను. అత్త చేతికి అందే ఎత్తులో వదిలేశాను. ఇప్పుడు భయం వేస్తోంది.

27వ తేదీ, శుక్రవారం

తాళంచెవి తీసుకుని ఆఫీసుకి వెళ్ళాను. టేపూ, సుద్దా, స్కేలూ ఉండే సంచి భుజానే ఉంది.

"ఇదిగోండి సార్. తిరిగి ఇస్తున్నాను. రిజిస్టర్లో రాయండి."

"చెప్పాను కదమ్మా, రాయడానికి అందులో..."

"ఇల్లు లేదని రాస్తేనే కదా నాకు బళ్ళో చోటిచ్చేది. రాయండి."

"కాలమ్ లేదమ్మా."

"గీద్దాం."

రిజిస్టరు నా వైపు తిప్పుకున్నాను. సంతకాల పక్కన రెండంగుళాల ఖాళీ ఉంది. స్కేలు పెట్టి పై నుంచి కింది దాకా గీత గీశాను. గీతలు గీయడం నా పని, వంకర పోదు. పైన "తిరిగి ఇచ్చినది" అని రాశాను. ఏడో నంబరుకి ఎదురుగా తేదీ వేశాను. ఈసారి మొదటినుంచి చివరిదాకా చదివి సంతకం పెట్టాను. పెన్ను ఆయన ముందు పెట్టాను.

ఆయనకి ఆ ఇల్లు ఖాళీగా కావాలి, సరిగ్గా మాట్లాడేవాళ్ళని ఎవరినైనా తెచ్చి పెట్టుకోవాలి. నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. పెన్ను తీసుకునే ముందు కఫ్ గుండీ ఒకసారి తడుముకున్నాడు. నేను కుట్టింది. గట్టిగానే ఉంది.

సంతకం పెట్టాడు.

28వ తేదీ, శనివారం

నాలుగో గది, మూడో తెర. మా ముక్క ఎవరూ తీసుకోలేదు. మెషిను మూడోసారి ఇస్త్రీ తమ్ముడి తల మీదే వచ్చింది. "ఇంకోసారి మారితే మాత్రం చక్రాలు పెట్టించుకో అక్కా" అన్నాడు. అతను నాతో వేళాకోళమాడి మూడు వారాలైంది.

అత్తకి జ్వరం తగ్గింది. కుర్చీ కావాలంటోంది.

29వ తేదీ, ఆదివారం

హాల్లో టీవీ పెట్టారు. కృతజ్ఞతల కార్యక్రమం. వెనక గోడ చూపిస్తారేమోనని అందరం వెళ్ళాం. నేనయితే పొద్దున్నుంచీ మెషిను ముట్టలేదు.

చూపించలేదు. కర్రలు లేవు, పొలం లేదు, చప్పట్లు మాత్రం ఉన్నాయి. కిటికీ దగ్గర నేను, నా తెరలు. "నమస్కారం. నేను దర్జీని. ఇది నా ఇల్లు." అంతే. ఆ తర్వాత అధ్యక్షుడు వచ్చి, కోటు మార్చాడు, ఆ సోదరి మాటల్లో వణికిన ఆనందం దేశం మరువదన్నాడు.

మొదటి రెండు ముక్కలూ నిజమే, మూడోదే కాదు. దేశమంతా ఆ మూడోది విన్నది. ఇంక ఎక్కడికి వెళ్ళి చెప్పుకున్నా, నీ నోటితో నువ్వే అన్నావుగా అంటారు. టీవీలో ఉన్న ఆవిడ ఆ కిటికీ దగ్గరే ఉండిపోతుంది. నేను బెంచీ మీద మోకాళ్ళు గడ్డానికి తగిలించుకుని ఆవిడని చూస్తూ కూర్చున్నాను. ఏడుపొచ్చింది. రెండేళ్ళలో మొదటిసారి. కావాలంటే దీన్ని కూడా లెక్కలో వేసుకోవచ్చు.

ఇస్త్రీ తమ్ముడి చిన్నది అత్త ఒళ్ళో చేరి, "ఆ ఇల్లెవరిది?" అని అడిగింది.

"ఆ టీవీలో ఆమెది" అంది అత్త.

"ఆమె ఈ అత్తే కదా?" అని నన్ను చూపించింది.

"కాదు. ఆమెకి అత్త లేదు చూడు, ఒక్కతే నిలబడింది."

30వ తేదీ, సోమవారం

ఆ గోడ బట్ట ఎవరూ తిరిగి అడగలేదు. మంచి బట్ట. మా దుప్పటి తెర చివికిపోయింది, ఇస్త్రీ వాళ్ళది ఇంకా అన్యాయంగా ఉంది. రెండు ముక్కలు చేశాను, వాళ్ళకొకటి, మాకొకటి.

మూడో తెర. వెడల్పు తొమ్మిదడుగులు, ఎత్తు ఐదున్నర. అంచు రెండు మడతలు. మెషిను మీద పక్కా కుట్టు, రెండుసార్లు. కొసన ముడి వేశాను. అత్త వచ్చి లాగి చూసింది. రాలేదు.